సంగమ్మ అమ్మిన బియ్యం

చేవెళ్ల,
14 జూన్ 2005

తమ్ముడు పరమేశ్వర్‌కు సుగుణక్క వందనాలు.

నీకు ఉత్తరం రాసి ఎంత కాలమయిందో నాకే గుర్తు లేదు. పట్నం పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి మొయినాబాద్‌లో నీ బియ్యం దుకాణం కనిపిస్తుంది. నువ్వు గల్లా ముందు కూర్చుని ఉంటే చెయ్యి ఊపుతాను. నువ్వు చూడవు. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, దుకాణంలో నలుగురూ వినే మాట కాదు ఇది. అందుకే ఎల్లేశ్ ఆటోలో పంపిస్తున్నాను. వాడూ మనిద్దరిలాగే మన చేవెళ్ల బడిలో చదివినవాడే. మోసుకొస్తాడు గాని విప్పి చూడడు.

వేసవి సెలవులిచ్చిన రోజే కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. స్పెషల్ ఆఫీసరట. జిల్లా విద్యాశాఖ కాగితం చూపించి హెడ్‌మాస్టర్ కుర్చీలో కూర్చున్నాడు. ఇకనుంచి కమిటీవాళ్లు లోపలికి రావలసిన పని లేదన్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయినా కమిటీ కార్యదర్శిని నేనే కదా, కారణం అడిగాను. మా క్రైస్తవ సంఘానికి ఈ బడి నడిపే హక్కు లేదని ఎవరో పిటిషన్ పెట్టారట. మేం కోర్టుకు పోయాం. మా వకీలు అరుణశ్రీ చిన్న పిల్ల, చురుకైనది. ఆమె నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. మైనారిటీలు స్థాపించుకున్న బడిని వాళ్లే నడుపుకోవచ్చు. కానీ స్థాపించింది వాళ్లేనని రుజువు కావాలి. అవతలివాళ్లు అనేది ఒకటే మాట: ఈ బడి పెట్టింది క్రైస్తవులు కాదు, వర్తకుడు రామచంద్రయ్య.

మీ బాపు పేరు చూసి సంతోషపడాలా, భయపడాలా అనుకుంటూ కాగితం తిప్పాను. పాఠశాల అభివృద్ధి కమిటీ అని వేరే ఒకటి పెట్టి, దాని అధ్యక్షుడిగా సంతకం చేసింది కల్యాణ్, తండ్రి పరమేశ్వర్.

నీకు తెలిసే చేశాడా? పెద్ద జవాబు అక్కర్లేదు. ఒక్క మాట చాలు.

నీ అక్క,
సుగుణమ్మ


మొయినాబాద్,
20 జూన్ 2005

సుగుణక్కకు నమస్కారాలు.

ఒక్క మాట చాలన్నావు. నాకు తెలిసే చేశాడు.

కానీ ఒక్క మాటతో నా కడుపులోది తీరదు. బడి గుమ్మం పైన రాయి మీద ఏముందో నాకన్నా నీకే బాగా తెలుసు. "ఈ పాఠశాల దాత వర్తకులు శ్రీ రామచంద్రయ్య గారు." ఒకటో తరగతిలో అక్షరాలు వచ్చాక నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం అదే. వచ్చినవాళ్లకల్లా పంతులు నన్ను చూపించేవాడు, దాతగారి కొడుకని. నేను దుకాణం పెంచాను, ఇల్లు కట్టాను, ఇక్కడి వర్తక సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా అయ్యాను. వాటిలో దేన్ని చూసుకున్నా నాకు అంత గర్వం లేదు. మా బాపు బడి కట్టించాడు. అది చాలు నాకు.

ఆ బడిని మీరెట్లా ఉంచారో చెప్పనా? వాన పడితే నాలుగో తరగతి పిల్లలు అయిదో తరగతి గదిలోకి ఉరుకుతారు. ఇక్కడికి గంట దూరంలో మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచి, మన పక్క ఊళ్ల పిల్లలు వాటిలో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. మీ బడిలో కంప్యూటర్ బొమ్మ మాత్రం ఉంది, గోడ మీద. కల్యాణ్ ఇక్కడ మా పక్క ఊరు హిమాయత్‌నగర్ దగ్గర ప్లాట్ల వ్యాపారం చేస్తాడు కాబట్టి వాడి కన్ను బడి స్థలం మీద పడిందని నువ్వు అనుకుంటావు. నేనూ అడిగాను. తాత పేరు మీద పెద్ద బడి కడతా, గజం జాగా కూడా అమ్మనని నా ముందు ఒట్టేశాడు. నేను నమ్మాను.

నీ మీద నాకు కోపం లేదు. మా బాపు పేరు మా ఇంటికి తిరిగొస్తుంటే వద్దనే కొడుకును కాను.

ఇట్లు,
పరమేశ్వర్


చేవెళ్ల,
2 జూలై 2005

శ్రీ పరమేశ్వర్ గారికి,

మీ ఉత్తరం అందింది. కప్పు కారుతున్న మాట నిజం. మిగతావాటికి జవాబు చెబుతాను.

మా వాడ ఆడవాళ్లకు ఒక ఆచారం ఉండేది. పొయ్యి మీద ఎసరు పెట్టాక, వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి మూలన చిన్న కుండలో వేసేవాళ్లు. అది దేవునిది. ఇంట్లో అందరికీ సరిపోయే రోజైనా, సరిపోని రోజైనా పిడికెడు పిడికెడే. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటింటి కుండా తెచ్చి ఒక్క గంపలో పోసేవాళ్లు. ఆ గంప నెత్తిన పెట్టుకుని మా అమ్మ సంగమ్మ చేవెళ్ల బజారులో మీ బాపు దుకాణానికి నడిచేది. ఆయన కొలిచి పైసలిచ్చేవాడు. బడి స్థలం ఆ పైసలతో కొన్నదే. గోడలు ఆ పైసలతో లేచినవే. మట్టి తొక్కింది మా వాళ్లే. మీరు దానం అంటున్నది మా అమ్మలు తినకుండా దాచిన కూడు.

రాయి సంగతి కూడా వినండి. అప్పుడు సంఘం పెద్ద మా నాన్న సాముయేలు. బడి లేచింది గాని మా వాడ పిల్లలు తప్ప ఎవరూ రాలేదు. ఊరివాళ్లు తమ పిల్లలను మా కప్పు కింద కూర్చోబెడతారా? మా నాన్న పోయి మీ బాపును రెండు అడిగాడు. రాయి మీద మీ పేరు పెట్టుకోనివ్వండి, మీ అబ్బాయిని పంపించండి అని. ఆయన రెండింటికీ సరేనన్నాడు. మీరు పలక పట్టుకుని వచ్చారు. మీ వెనక మిగతా ఊరు వచ్చింది. తన బడి మీద వేరొకరి పేరు చెక్కించుకున్న సంఘం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. పిల్లలు రావాలన్న ఆశతో మావాళ్లు చేసిన పని, ఈ రోజు మా మీదికే వచ్చింది.

కాగితం లేకుండా నోటిమాట మీద జరిగిన ఆ కొనుగోలు చూసిన పెద్దలు పోయారు. కోర్టులో ఇప్పుడు రాయి ఒక్కటే మాట్లాడుతుంది, అది మీ పక్షాన మాట్లాడుతుంది. అయినా మిమ్మల్ని సాక్ష్యం చెప్పమని అడగను. మా అమ్మ గంప దించి వెల అడిగేది గాని ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. నేనూ చాచను.

సుగుణమ్మ,
కార్యదర్శి


మొయినాబాద్,
11 జూలై 2005

సుగుణమ్మ గారికి,

మీరు అన్నందుకు నేనూ మీరనే అంటాను.

మీరు బడిలో పాఠాలు చెప్పారు. నేను నలభై ఏళ్లుగా బియ్యం అమ్ముతున్నాను. కాబట్టి బియ్యం సంగతి నా దగ్గర వినండి. ఒక ఇంటివి దొడ్డు బియ్యం, ఒక ఇంటివి సన్నవి. ఒకరివి పాతవి, ఒకరివి నిన్న దంచినవి. కూలికి పోయినవాళ్లకు దొరికేవి నూకలు. ఇవన్నీ ఒక్క గంపలో పోస్తే అది సరుకు కాదు. ఏ గిరాకీ దాన్ని ముట్టుకోడు. నూకలు ముద్దయ్యేసరికి దొడ్డు గింజ ఇంకా పలుకు మీదనే ఉంటుంది. అటువంటి బియ్యం నా దుకాణానికి తెస్తే నేను కోళ్లకు వేసుకోమంటాను. మా బాపు నాకన్నా గట్టి వ్యాపారి. గింజ నోట్లో వేసుకుని ఏ ఊరి వడ్లో చెప్పేవాడు.

మరి ఆయన వారం వారం దాన్ని ఎందుకు కొన్నాడు? కొనలేదు. కొన్నట్టు చేసి దానం ఇచ్చాడు. మీ అమ్మగారి మనసు నొచ్చకుండా చేతిలో పెట్టాడు. అది ఆయన పెద్దతనం. కోర్టులో నన్ను అడిగితే ఇదే చెబుతాను. ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చూపించండి.

పరమేశ్వర్


చేవెళ్ల,
27 నవంబర్ 2005

పరమేశ్వర్‌కు,

ఇన్ని నెలలు నీ మాటనే తిప్పి తిప్పి చూశాను. అరుణశ్రీకి చెబితే ఆ పిల్ల కలం కింద పెట్టేసింది. ఆయన బోనెక్కి ఈ మాట అంటే మనం ఓడిపోతాం మేడం, అంది. తెలివిగలవాడివి తమ్ముడూ. చిన్నప్పుడు బడిలో నీకు ఎక్కాలు ఏ అక్క నేర్పించిందో గాని బాగానే నేర్పించింది.

ఈ నెల మా కోతపండుగ. బడి లేచినప్పటి నుంచి దాని ఆవరణలోనే చేసుకుంటాం. ఈసారి స్పెషల్ ఆఫీసరు గేటుకు తాళం వేయించాడు. ఆడవాళ్లు కొత్త ధాన్యం నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. మా సంఘం పెద్ద మోషే తాళం పగలగొడతానని ముందుకు పోతే నేనే ఆపాను. అందరం రోడ్డు మీదే పాట పాడుకుని, తెచ్చిన ధాన్యాన్ని సంఘం కోసం అక్కడే వేలం పాడుకుని ఇళ్లకు పోయాం. ఒక్కరు కూడా ఏడవలేదు. నాకు మాత్రం ఇంటికి వచ్చాక ఏడుపు ఆగలేదు. మా అమ్మలు తిండి మానుకుని కట్టిన బడి గేటు బయట నన్ను నిలబెట్టారు.

పిడికెడు బియ్యం వేసినవాళ్లలో రాధమ్మ ఒక్కతే మిగిలింది. ఒక పూట ఉన్న జ్ఞాపకం ఇంకో పూట ఉండదు, సాక్ష్యానికి పనికిరాదు. ఊరికే మాటల్లో నీ వాదం ఆమెకు చెప్పాను. దానికి ఆమె, "అమ్మినం, పైసలు తీసుకున్నం. ఆ బియ్యం ఎటు పోయినయో మమ్ముల నడుగుతవేంది? షావుకారి ఇంటామె నీలమ్మ ఉన్నది గద, పోయి ఆమె నడగరాదు" అన్నది.

అప్పుడు నాకు తట్టింది. నీ లెక్క ప్రకారమే అడుగుతున్నాను. అమ్ముడుపోని బియ్యం వారం వారం మీ ఇంటికి వచ్చాయి. మీ బాపు గింజ పారేసే మనిషి కాదు. కోళ్లు మీ ఇంట్లో లేవు. మరి ఏమయ్యాయి?

సాక్ష్యం అడగడం లేదు. మీ అమ్మను ఒక మాట అడుగు, అంతే.

సుగుణక్క


మొయినాబాద్,
9 జనవరి 2006

సుగుణక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చాలా రోజులు జేబులోనే పెట్టుకుని తిరిగాను. అమ్మను అడగడానికి భయమెందుకో నాకే అర్థం కాలేదు. చివరికి నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగాను. కల్యాణ్ కూడా ఉన్నాడు.

అమ్మకు ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మంచం, కుర్చీ, అంతే. కానీ వంట సంగతి అడిగితే ఆమెకు ప్రాణం లేచివస్తుంది. నేను అడిగిందే ఆలస్యం, ఏదో కూర ఎట్లా చేయాలో చెప్పినంత తేలికగా చెప్పింది.

"వండుకున్నం. ఇంకేం చేస్తం?"

ఆదివారం సాయంత్రం బాపు ఆ గంపెడు బియ్యం ఇంటికి తెచ్చేవాడట. అమ్మ చేటలో పోసి జల్లెడ పట్టి నూకలు వేరు తీసేది. దొడ్డు బియ్యం ముందు నానబెట్టి, సగం ఉడికాక సన్నవి వేసేది. మొదట్లో రెండుసార్లు ముద్దయిందట. తర్వాత చెయ్యి తిరిగింది. నూకలతో ఉప్మా. మా నానమ్మ ఎంత మడి మనిషో నీకు తెలుసు కదా, మీ వాడ గాలి తగిలితేనే తలస్నానం చేసేది. ఆమెకు అమ్మ విడిగా వేరే బియ్యంతో వండేది. ఒక రోజు పొరపాటున ఈ అన్నం వడ్డిస్తే, ఇయ్యాల అన్నం కమ్మగున్నదని మారు అడిగి తిన్నదట. చెబుతూ అమ్మ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

నేను నవ్వలేదక్కా. నిజం రాస్తున్నాను, నువ్వు ఏమన్నా అనుకో. బడి లేచేదాకా నాలుగేళ్లు మా ఇంట్లో అదే అన్నం. నాకు ఊహ తెలియని వయసు. అది వినగానే నా మనసులోకి మొదట వచ్చింది మా బాపు మంచితనం కాదు. మావాళ్లు వింటే ఏమంటారు అని. అందుకే బాపు కూడా ఎవరికీ చెప్పలేదు. రాయి మీద దాత అని ఉంటే, కొన్న బియ్యం ఏమయ్యాయని ఎవరూ అడగరు కదా. మీవాళ్లకు పిల్లలు కావాలి, మా బాపుకు మౌనం కావాలి. ఇద్దరికీ ఆ రాయి పనికొచ్చింది.

అదంతా కష్టమెందుకు, ఊరికే దానం ఇచ్చేస్తే అయిపోయేది కదా అని అమ్మ అప్పుడే అడిగిందట. బాపు ఇచ్చిన జవాబు ఆమెకు అక్షరం పోకుండా గుర్తుంది.

"దానమంటే ఆ సంగమ్మ తీసుకోదు. ఆమె అమ్ముతున్నది, నేను కొంటున్న. బియ్యం మంచియా చెడ్డయా అన్నది మన ఇంటి సంగతి."

నేను చెయ్యి కడుక్కుని లేచాను. ఇది మన ముగ్గురి మధ్యనే ఉండాలని కల్యాణ్ అన్నాడు. వర్తక సంఘంలో తల ఎత్తుకోలేం అన్నాడు. వాడు అన్నదే నేనూ అనుకుంటున్నాను కాబట్టి కసరలేకపోయాను. అమ్మ మాత్రం, ఎవరైనా అడిగితే చెప్త, దాచుడెందుకు అని తన పని తాను చూసుకుంది.

నాకు కొంత టైమివ్వు అక్కా. మా బాపు దాత అన్న మాట తీసేస్తే నాకు ఏం మిగులుతుందో నేను చూసుకోవాలి.

పరమేశ్వర్


మొయినాబాద్,
3 మార్చి 2006

అక్కకు,

అమ్మ పేరు సాక్షుల్లో రాయించు. ఆమె కోర్టుకు వచ్చే స్థితిలో లేదు కాబట్టి, వాంగ్మూలం తీసుకునే కమిషనర్‌ను ఇంటికి పంపించమని అరుణశ్రీతో కోర్టును అడిగించు. కల్యాణ్ నాతో మాట్లాడటం మానేశాడు. మానేయనీ.

పరమేశ్వర్


చేవెళ్ల,
19 ఆగస్టు 2006

తమ్ముడు పరమేశ్వర్‌కు,

ఈ అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు. చికున్‌గున్యా నన్నూ పట్టుకుంది. మా వీధిలో పడకెయ్యని ఇల్లు లేదు. వేళ్లు వాచి కలం నిలవడం లేదు. దవాఖానలో గోళీలు ఇచ్చారు, జ్వరం పోయింది గాని కీళ్లు కదలవు.

వచ్చే శనివారం కమిషనర్ మీ ఇంటికి వస్తున్నాడు. నేను రాలేను. మోషే, అరుణశ్రీ వస్తారు. ఒక విధంగా మంచిదేనేమో. నేను ఎదురుగా కూర్చుంటే మీ అమ్మ నా కోసం చెప్పినట్టు ఉంటుంది. ఆమె ఏం చెప్పినా సరే, తన కోసం చెప్పనీ.

నీ చిన్న ఉత్తరం నా బైబిలులో పెట్టుకున్నాను. అది రాయడానికి నీకు రెండు నెలలు పట్టింది. నేనైతే ఇంకా ఎక్కువ తీసుకునేదాన్ని. మీ బాపును నువ్వు ఎంత గొప్పగా చూసుకుంటావో తెలిసి కూడా, నువ్వు ఒప్పుకుంటావని నేను అనుకోలేదు.

జరిగిందంతా రాయి. ఒక్క మాట వదిలిపెట్టినా ఊరుకోను.

సుగుణక్క


మొయినాబాద్,
27 ఆగస్టు 2006

సుగుణక్కకు నమస్కారాలు.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కోర్టు నియమించిన కమిషనర్ కుర్ర వకీలు. వెంట టైపు చేసే మనిషి ఒకాయన. అవతలి పక్షం వకీలు, ఆయన వెనక కల్యాణ్. ఇటు అరుణశ్రీ. అందరూ నడింట్లోకి వచ్చి కూర్చున్నారు. మీ మోషే మాత్రం చెప్పులు విడిచి అరుగు మీదే నిలబడ్డాడు. అంత పెద్ద మనిషి, గుమ్మం దాటలేదు. వాళ్ల తాతల నాటి అలవాటు, కాళ్లకే తెలుసు కాబోలు. అమ్మ చూసింది. "ఎవరు బిడ్డ ఆడ నిలబడ్డది? లోపలికి రా. ఆడుంటే నాకు కనబడవు" అన్నది. నేను లేచి నా పక్క కుర్చీ చూపించాను. మోషే వచ్చి కూర్చున్నాడు.

అరుణశ్రీ అడిగినవాటికి అమ్మ నాతో చెప్పినట్టే చెప్పింది. తర్వాత అవతలి వకీలు లేచాడు. మర్యాద గల మనిషే, కానీ గట్టివాడు. నేను నీకు రాసిన వాదమే ఆయనా ఎత్తుకున్నాడు. కలగలుపు బియ్యం అమ్మకానికి పనికిరావు కదమ్మా అన్నాడు. అమ్మకానికి పనికిరాకపోతే తినడానికి పనికిరావా అని అమ్మ తిరిగి అడిగింది. మీ ఆయన జాలిపడి కొన్నాడు కదా అన్నాడు.

"జాలిపడితే ఒకపారి కొంటరు. మేము నాలుగేండ్లు తిన్నం" అన్నది.

అప్పుడాయన గొంతు తగ్గించి, తనకే ఇబ్బందిగా ఉన్నట్టు, అవి ఏ ఇళ్ల నుంచి వచ్చిన బియ్యమో తెలిసే తిన్నారా అని అడిగాడు. నేను కల్యాణ్ వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు.

"తెలిసే వండిన. తెలిసే వడ్డించిన. నా కొడుకుకు కలిపి తినిపించిన. రాసుకో" అన్నది అమ్మ.

ఆ టైపు మనిషి కమిషనర్ చెప్పకముందే కొట్టడం మొదలుపెట్టాడు.

చివరికి వకీలు రాయి సంగతి తెచ్చాడు. మీ భర్త దాత అని అంత స్పష్టంగా చెక్కి ఉంటే, ఆయన ఏమీ దానం చేయలేదని మీరే అంటారా అని. అక్కడ మాత్రం అమ్మ కొంగు సర్దుకుంది. బాపు గుర్తుకొచ్చాడేమో. "ఇయ్యలే. బడి వాళ్లు కట్టుకున్నరు. మాయన వాళ్ల బియ్యం కొన్నడు. ఎవలూ కొననియి కొన్నడు, తక్కువ చెయ్యకుండ కొన్నడు. గది చాలదా మాయనకు?" అన్నది.

అక్కా, ఆ మాటతో నాకు గుండె నిండిపోయింది. జనవరిలో నీకు రాశాను కదా, నాకు ఏం మిగులుతుందో చూసుకోవాలని. అమ్మ ఒక్క మాటలో చూపించింది. దానం ఎవరైనా ఇస్తారు, ఇచ్చి రాయి చెక్కించుకుంటారు. తన ఇంట్లో పోరు పెట్టుకుని, ఊరికి తెలియకుండా, ఎదుటి మనిషి తల వంచకుండా కొన్నవాడు నాకు తండ్రి అయ్యాడు. ఇన్నేళ్లూ ఆయన గొప్పలో చిన్న దాన్ని పట్టుకుని మురిసిపోయాను.

వాంగ్మూలం చదివి వినిపించాక అమ్మ సంతకం చేసింది. కల్యాణ్ చాయ్ ముట్టకుండా కారెక్కి వెళ్లిపోయాడు. మోషే చాయ్ తాగి వెళ్లాడు.

పరమేశ్వర్


చేవెళ్ల,
15 ఫిబ్రవరి 2007

నా తమ్ముడు పరమేశ్వర్‌కు,

గెలిచాం. అరుణశ్రీ నిన్న సాయంత్రం ఫోన్ చేస్తే, మోషే ఇంటి ముందు ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఇంకా ఆపలేదు.

బడి స్థలం, కట్టడం సంఘం ఆడవాళ్లు అమ్మిన బియ్యం సొమ్ముతో వచ్చాయి కాబట్టి స్థాపించింది సంఘమేనని, నడిపే హక్కు సంఘానిదేనని జడ్జి రాశాడు. సాక్షి నీలమ్మ తన కుటుంబ గౌరవానికి విరుద్ధంగా చెప్పడానికి కారణం ఏదీ కనిపించదు, అందుకే ఆమెను నమ్ముతున్నాను అని కూడా రాశాడట. ఆ వాక్యంలో ఒక్క తప్పుంది. గౌరవానికి విరుద్ధమన్నది తప్పు. జడ్జిగారికి ఎవరు చెబుతారు?

ఈ పొద్దున స్పెషల్ ఆఫీసరు తాళాలు బంట్రోతు చేతికిచ్చి వెళ్లిపోయాడు. నేను మెల్లగా నడుచుకుంటూ పోయి గేటు తీశాను. కీళ్ల నొప్పి ఇంకా ఉంది గాని ఆ కాసేపు తెలియలేదు. గర్వం మంచిది కాదని ఆదివారం ఆదివారం పిల్లలకు చెప్పేదాన్ని. ఇవాళ నాకు వచ్చినంత గర్వం మా వాడలో ఎవరికీ వచ్చి ఉండదు, దేవుడు క్షమించాలి.

మధ్యాహ్నం సంఘం కూర్చుంది. రాయి పీకేయాలని కుర్రవాళ్లు. వద్దని ఆడవాళ్లు. అది మనవాళ్లు పెట్టిన రాయి, పిల్లల కోసం పెట్టిన రాయి, ఉండనీ అన్నారు. దాని పక్కన పిడికెడు బియ్యం వేసిన ఆడవాళ్ల పేర్లతో ఇంకొకటి పెడుతున్నాం. మీ అమ్మ పేరు కూడా చెక్కించాలని చాలామంది పట్టుబట్టారు. నేనే ఒప్పుకోలేదు. ఆమె కొన్న మనిషి, అమ్మిన మనిషి కాదు. మర్యాదకు పోయి రాయి మీద లేనిది రాయడం ఒకసారి చేశాం. ఒక కేసు చాలు.

కప్పు ఈ ఎండల్లో మారుస్తాం. నువ్వన్నది నిజమే, సిగ్గుపడ్డాను. కంప్యూటర్ల కోసం ఆడవాళ్లు మళ్లీ పిడికెడు బియ్యం మొదలుపెడతామన్నారు. ఇప్పుడు అందరివీ రేషను దుకాణం బియ్యమే, కాబట్టి కలగలుపు అన్న మాట నీకు రాదు. కొంటావా?

నీ అక్క,
సుగుణమ్మ


మొయినాబాద్,
4 మార్చి 2007

సుగుణక్కకు నమస్కారాలు.

రేషను బియ్యం కొంటే నన్ను జైల్లో వేస్తారు. ఈ వయసులో నా మీద ఇంకో కేసు పెట్టించకు. పొలమున్న ఇళ్లవాళ్లు సొంత బియ్యం వేస్తే పంపించు, కొంటాను. బేరం ఆడతాను, అది మాత్రం తప్పదు. మీ అమ్మ ముందు మా బాపు ఆడే ఉంటాడు.

తీర్పు సంగతి ఈ పక్కంతా పాకింది. మొన్న వర్తక సంఘం సమావేశంలో, కొత్త మార్కెట్ గురించి మాట్లాడుతున్నప్పుడు, షాబాద్ నుంచి వచ్చిన మిల్లు యజమాని ఒకాయన నవ్వుతూ లేచాడు. అధ్యక్షులవారిని ఒక మాట అడుగుతానన్నాడు. "చిన్నప్పుడు మీ ఇంట్ల వాడ బియ్యం తిన్నరట గద, నిజమేనా?" అన్నాడు. కొందరు నవ్వారు, కొందరు నా మొహం చూడలేక గోడ చూశారు. కల్యాణ్ వెనక వరసలో ఉన్నాడు. ఏడాదిగా నాతో మాట్లాడనివాడు, కుర్చీలోంచి సగం లేచాడు. నా కోసం లేచాడా, సిగ్గుపడి వెళ్లిపోవడానికా నాకు తెలియదు.

నేను లేచి నిలబడ్డాను. నేను ఎంత పొడవో నీకు తెలుసు కదా, ఫ్యాన్ కింద జాగ్రత్తగా నిలబడాలి.

"నిజమే. నాలుగేండ్లు తిన్న. ఇంతెత్తు పెరిగిన" అన్నాను.

ఇంకెవరూ నవ్వలేదు. నేను కూర్చుని మార్కెట్ సంగతి కొనసాగించమన్నాను. అయ్యాక బయటికి వస్తే కల్యాణ్ కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాడు. ఎక్కాను. ఇంటి ముందు ఆపి, చేవెళ్ల బడిలో కప్పు పని ఎవరికిచ్చిండ్రు అని అడిగాడు. అక్కనే అడుగు అన్నాను. వాడు వస్తే వెంటనే ఒప్పుకోకు, కాసేపు బయట నిలబెట్టు.

లోపలికి పోయి అమ్మకు అంతా చెప్పాను. ఆమె వక్కలు కత్తిరించడం ఆపకుండానే విని, ఇంకా గట్టిగా చెప్పవలసిందన్నది.

నీ తమ్ముడు,
పరమేశ్వర్